ఐడా టార్బెల్: చరిత్రరచనయందు రాగద్వేషములు

మేము పాఠశాలలో చరిత్ర బోధించునపుడు చురుకైన విద్యార్థి యెవడో యొకడు ప్రతి సంవత్సరమును అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, ఈ పుస్తకము వ్రాసినవారు ఎవరి పక్షమువారు?" ప్రశ్న చిన్నదే గాని సమాధానము సులభము కాదు. తనకు కీడు చేసినవాని చరిత్రను వ్రాయుటకు మనుష్యునకు అధికారము కలదా? తాను పూజించువాని చరిత్రను వ్రాయుటకు కలదా? మొదటిదానికి లేదనియు, రెండవదానికి కలదనియు లోకము సామాన్యముగా తలంచును. పగవాని మాట నమ్మరాదని పసివాడును ఎరుగును. భక్తుని మాటను మాత్రము శంకించువారు అరుదు. కాశ్మీర రాజుల చరిత్రమును పండ్రెండవ శతాబ్దమున రచించిన కల్హణుడు ఈ రెంటికిని భేదము చూపలేదు. గతించిన సంగతులను చెప్పువాడు రాగమును ద్వేషమును కూడ వెలివేసి న్యాయాధిపతివలె పలుకవలెనని ఆయన తన రాజతరంగిణి మొదటనే హెచ్చరించెను. ఈ రెండు శత్రువులలో ఏది యెక్కువ ప్రమాదకరమో తెలిసికొనవలెనన్నచో అమెరికా దేశపు విదుషి యొకామె జీవితము మనకు మంచి పాఠము కాగలదు. పత్రికారచయిత్రిగా మొదలిడి జీవితచరిత్రకర్త్రిగా ప్రసిద్ధి కెక్కిన ఆమె పేరు ఐడా టార్బెల్.

ఐడా 1857 నవంబరు 5వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఈరీ జిల్లాలో, తన మాతామహుని దుంగల యింట జన్మించెను. ఆమెకు రెండేండ్లు నిండకముందే, 1859 ఆగస్టులో, ఆ ప్రాంతమందలి టైటస్‌విల్ అను ఊరియొద్ద ఎడ్విన్ డ్రేక్ అనునతడు సుమారు 69 అడుగుల లోతునుండి భూతైలమును పైకి తెచ్చెను. విద్యుద్దీపములు రాకముందు మన యిండ్లలో సాయంకాలము వెలిగిన లాంతర్ల కథకును ఆ బావితో సంబంధము కలదు. కొలదికాలములోనే అమెరికా కిరసనాయిలు సముద్రములు దాటి మన బజారులకు వచ్చెను. ఐడా తండ్రి ఫ్రాంక్లిన్ టార్బెల్ కొంతకాలము మావలెనే బడిపంతులు. వడ్రంగము కూడ తెలిసినవాడు. చమురు నిలువచేయుటకు తగిన పాత్రలు లేక జనులు తికమకపడుచుండగా ఆయన కొయ్యతొట్లు కట్టి యిచ్చి బాగుపడెను. పిదప తానును చమురుబావులు త్రవ్వించెను. పిట్‌హోల్ అను ఊరు చమురువలన ఒక్కసారి పెరిగి, బావులు ఎండగానే పాడుపడిపోయినది. అక్కడ గొప్ప ధనము పోసి కట్టిన హోటలు నొకదానిని ఆయన 600 డాలర్లకు కొని, విప్పించి, ఆ కలపతోనే టైటస్‌విల్‌లో ఇల్లు కట్టించెను. సంపద వచ్చుటయు పోవుటయు ఎట్టిదో ఆ యింటి గోడలే ఆ బిడ్డకు నేర్పినవి.

1872లో ఆ యింటిమీద పిడుగు పడెను. సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ యను పేరుతో కొందరు చమురుశుద్ధి వర్తకులు మూడు పెద్ద రైలు కంపెనీలతో రహస్యముగా ఒడంబడిక చేసికొనిరి. ఆ వర్తకులలో జాన్ రాక్‌ఫెల్లర్ నడపు స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ముఖ్యమైనది. ఒడంబడిక యిట్టిది: చమురు చేరవేయు రైలు కిరాయి అందరికిని హెచ్చింపబడును, సంఘములోనివారికి మాత్రము హెచ్చు సొమ్ము వెనుకకు ముట్టును. అంతటితో ఆగలేదు. సంఘములో చేరనివాడు తన చమురును పంపుకొని కిరాయి చెల్లించినప్పుడెల్ల, ఆ సొమ్ములో కొంత భాగము సంఘమువారి జేబులోనికే పోవును. అనగా ఒకడు తన పోటీదారునకు తానే కప్పము కట్టుచుండును. కట్టుచున్నట్లు వానికి తెలియనైన తెలియదు!

గుట్టు బయటపడగానే చమురుసీమ అంతయు లేచినది. సభలు జరిగెను, సంఘమువారికి చమురు అమ్మబోమని జనులు ప్రతిజ్ఞలు చేసిరి, ఆ వసంతములోనే రాష్ట్రప్రభుత్వము కంపెనీ అధికారపత్రమును రద్దుచేసెను. కాని ఆ కొన్ని వారములలో, భయముచేతనైన నేమి, బేరముచేతనైన నేమి, క్లీవ్‌లాండ్ నగరమందలి 26 శుద్ధికర్మాగారములలో 20కి పైగా రాక్‌ఫెల్లర్ వశమైపోయెను. అప్పటికి ఐడాకు పదునాలుగేండ్లు. ప్రతిరాత్రియు సరదా సంగతులు చెప్పుచు, పాటలు పాడుచు ఉండెడి తండ్రి మొగమున నవ్వు మాయమగుటను ఆమె చూచెను. తరువాత కొంతకాలమునకు తండ్రితో పొత్తుగా వ్యాపారము చేసినతడు ఆత్మహత్య చేసికొనెను. అప్పులు తండ్రిపై బడగా ఇల్లు తాకట్టు పెట్టవలసివచ్చెను. చదువరులారా! ఇట్టి యింట పెరిగిన బిడ్డకు రాక్‌ఫెల్లర్ చరిత్రను వ్రాయు అధికారము కలదందురా?

వెంటనే ఆమె కలము పట్టలేదు. ఆ మూడు దశాబ్దముల ఆలస్యమే ఆమెను కాపాడెనని మా అభిప్రాయము. ఆ వయసుననే ఆమె మోకరిల్లి తనకు వివాహము వలదని దేవుని ప్రార్థించెనట. స్వతంత్రముగా బ్రదుకవలెనన్న కోరిక అంత బలమైనది. అలిగెనీ కళాశాలలో చేరి 1880లో పట్టము పొందెను. ఆ తరగతిలో ఆమె తప్ప వేరొక స్త్రీ లేదు. ఆమెకు మిక్కిలి ప్రియమైన వస్తువు సూక్ష్మదర్శని. కంటికి కనబడినదే సత్యమనుకొనక, అద్దము క్రింద పెట్టి మరల చూచుట అక్కడ అలవడెను. ఒహాయో రాష్ట్రమునందలి పోలండ్ అను ఊర ఏడాదికి 500 డాలర్ల జీతముపై రెండేండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసి, భారము మోయలేక విరమించెను. ఈ సంగతి చదివినప్పుడు మాకు నవ్వును జాలియు కలిసి వచ్చినవి.

పిదప ఆమె ది షటాక్వన్ అను మాసపత్రికలో చేరెను. ఇంటియొద్దనే చదువుకొను కుటుంబములకై నడచిన పత్రిక యది. అక్కడ ఆమె చేసిన పని యొకటి స్త్రీవిద్య కోరువారు తప్పక తెలిసికొనదగినది. స్త్రీలకు కొత్తవస్తువులు కనిపెట్టు శక్తి తక్కువయనియు, వారు పొందిన పేటెంటులు సుమారు మూడువందలేయనియు ఒక వ్యాసమున నుండెను. ఐడా దానిపై కోపముతో జవాబు వ్రాయలేదు. వాషింగ్టనుకు పోయి, పేటెంటు కార్యాలయములో విచారించెను. దాదాపు రెండువేలు తేలెను. 1887లో ఆ లెక్కనే ప్రకటించెను. వాదమునకు వాదము చెప్పుటకంటె లెక్క చూపుట బలమైన ఉత్తరమని ఆమె నేర్చుకొన్నది అప్పుడే.

1891లో, ముప్పదిమూడేండ్ల ప్రాయమున, ఉన్న ఉద్యోగము వదలి, చేత కొలదిపాటి సొమ్ముతో ఆమె పారిస్ నగరము చేరెను. అమెరికా పత్రికలకు వ్యాసములు పంపి పొట్టపోసికొనుచు, గ్రంథాలయములలో కూర్చుండి ఫ్రెంచి విప్లవకాలపు వీరనారి మదాం రోలాండ్ జీవితమును పరిశోధించెను. స్త్రీ రాజకీయములలో ప్రవేశించినచో లోకము మెత్తబడునన్న ఆశతో మొదలిడిన పని యది. కాగితములు వేరొక కథ చెప్పెను. అధికారము చేతికి అందినప్పుడు మదాం రోలాండ్ కూడ తక్కిన రాజకీయజ్ఞులవలెనే పట్టుదలకు లోబడి హింసకు త్రోవయిచ్చెనని ఆమెకు తోచెను. ఆశాభంగము కలిగినను ఆమె తన నమ్మకమునకే గాని కాగితములకు మార్పు చేయలేదు. ఆ గ్రంథము 1896లో వెలువడెను.

ఆ పారిస్ గదికే ఒకనాడు మెట్లెక్కి ఆయాసముతో వచ్చిన మనిషి సామ్యూల్ మెక్ల్యూర్. పారిస్ వీధుల మరమ్మతును గురించి ఆమె వ్రాసిన చిన్న వ్యాసము చదివి, ఈమెను విడువరాదని నిశ్చయించుకొని వచ్చినాడు. వెళ్లునప్పుడు ఆమెవద్దనే 40 డాలర్లు అప్పుపుచ్చుకొని వెళ్లెను! అతని పత్రికకై 1894లో నెపోలియన్ చరిత్రను ఆమె ఆరు వారములలో మొదలిడి అచ్చుకు అందించెను. పరుగెత్తుచు వ్రాసిన చరిత్రయని తానే ఒప్పుకొనెను గాని, పత్రిక చందాదారులు దానివలన ఎంతయో పెరిగిరి. తరువాత లింకన్ వంతు వచ్చెను. లింకన్‌కు కార్యదర్శిగా ఉండి, ఆయన చరిత్రను పెద్ద సంపుటములుగా వ్రాసిన నికోలే అనునాయన ఇంక కొత్తగా దొరకునది ఏమియు లేదని చెప్పెను. ఐడా కెంటకీ, ఇండియానా, ఇల్లినాయి రాష్ట్రములలో పల్లెలు తిరిగి, న్యాయస్థానముల దస్తరములు వెదకి, ముసలివారి మాటలు విని, ఎన్నో కొత్త పత్రములు తెచ్చెను. లింకన్ కుమారుడు అంతవరకు లోకము చూడని తండ్రి యౌవనకాలపు ఛాయాపటమును ఆమె కిచ్చెను. 1895 నవంబరులో మెక్ల్యూర్స్ పత్రిక దానిని ప్రకటించెను.

ఇంత శిక్షణ గడచిన పిదపనే ఆమె తన యింటి గాయమువైపు తిరిగెను. స్టాండర్డ్ ఆయిల్ చరిత్ర వ్రాయబోవుచున్నానన్నప్పుడు తండ్రి భయపడి, వారు పత్రికనే నాశనము చేయుదురు, వలదని బ్రతిమాలెను. 1902 నవంబరులో మొదటి భాగము వెలువడెను. మొత్తము 19 భాగములు సాగి, 1904లో రెండు సంపుటములైనవి.

ఆమె పద్ధతిని కొంచెము వివరింతుము. మొదటిది: అచ్చయి మరుగున పడినదానిని వెదకుట. శాసనసభల విచారణలు, కోర్టు వ్యాజ్యములలోని సాక్ష్యములు, పాత పత్రికలు ఇవి యన్నియు ఎక్కడెక్కడనో ఉన్నవి. ఒకచోట చేర్చి చదివినవారు లేరు. సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీని గూర్చి 1873లో వెలువడిన చిన్న పుస్తకము ప్రతులు మాయమయ్యెనని అందరును చెప్పుచుండగా, న్యూయార్కు గ్రంథాలయమున ఒక ప్రతి దొరకెను. రెండవది: ప్రతివాదిని వినుట. రచయిత మార్క్ ట్వేన్ మధ్యవర్తిత్వమున స్టాండర్డ్ ఆయిల్ పెద్దలలో నొకడగు హెన్రీ రోజర్స్ ఆమెను కలిసికొనుటకు ఒప్పుకొనెను. మాటలలో తేలినదేమనగా, ఐడా బాల్యమున రౌస్‌విల్‌లో వారిరువురి యిండ్లును దగ్గరనే ఉండెడివట! దాదాపు రెండేండ్లపాటు ఆమె తాను కనుగొన్న సంగతిని ఒక్కొక్కటిగా అతని ముందుంచి, అతని సమాధానమును వినుచు వచ్చెను. కాని ఏమి వ్రాయవలెనన్న నిర్ణయము తనదేయని మొదటనే చెప్పియుంచెను.

మూడవది: మాటకంటె కాగితమును నమ్ముట. రైలువారు పోటీదారుల సరుకు లెక్కలను స్టాండర్డ్ వారికి చేరవేయుట 1872తోనే ఆగిపోలేదని జనులు అనుమానించుచుండిరి. రోజర్స్ అట్టిది లేదనెను. కంపెనీ కార్యాలయమొకదానిలో పాత కాగితములు తగులబెట్టు పనిలోనున్న కుర్రవాడు ఒకనాడు వానిలో తెలిసిన పేరొకటి చూచెను. అది ఆదివారపు బడిలో తనకు పాఠము చెప్పిన పెద్దమనిషి పేరు. ఆయన చిన్న చమురువర్తకుడు. ఆయన సరుకు ఎప్పుడు, ఎక్కడికి, ఎంత పోవుచున్నదో ఆ కాగితములలో వ్రాయబడియుండెను. కుర్రవాడు వానిని దాచి గురువునకిచ్చెను. అవి ఐడాను చేరెను. ఆమె పేర్లు దాచి, పత్రముల స్వరూపమును అచ్చువేసెను. ఇవి ఎక్కడివని రోజర్స్ మండిపడి అడిగెను, ఆమె చెప్పలేదు. అదియే వారి కడపటి సమావేశము.

ఇంత చేసియు ఆ గ్రంథమున మమ్ము మిక్కిలి ఆశ్చర్యపరచిన భాగము నింద కాదు, మెప్పు. స్టాండర్డ్ ఆయిల్ యొక్క న్యాయమైన గొప్పతనమును గూర్చి ఆమె ఒక ప్రకరణమే వ్రాసెను. వృథాను తగ్గించుట, సరియైన మనుష్యులను సరియైన చోట నిలుపుట, చిన్న ఖర్చును కూడ లెక్కించుట యందు వారికి సాటి లేరని ఒప్పుకొనెను. ఇంత సమర్థతగలవారికి అన్యాయపు టాట ఎందుకు? ఇదియే ఆమె ప్రశ్న. తండ్రి యిల్లు తాకట్టు పెట్టించినవారిని మెచ్చుకొనుటకు కలము ఎంత బరువెక్కియుండునో ఊహించుకొనవచ్చును. తనయందు ద్వేషమున్నదని ఆమెకు తెలియును. తెలిసినది గనుకనే దానికి కాపలా పెట్టెను.

కాపలా ఒక్కసారి నిద్రించినది. 1905 మార్చిలో తండ్రి మరణించెను. ఆ వేసవిలో ఆమె రాక్‌ఫెల్లర్ స్వరూపస్వభావములను వర్ణించుచు వేరొక వ్యాసము ప్రకటించెను. అతనిని 1903లో క్లీవ్‌లాండ్ చర్చిలో దూరమునుండి చూచినది మాత్రమే ఆమెకు ఆధారము. వ్యాధివలన తలవెండ్రుకలును కనుబొమలును రాలిపోయిన ముసలివాని మొగమునందు ఆమె పాపమును చదివెను! మొగము దస్తావేజు కాదు. రోగము నేరము కాదు. ఆమె రచనలలో ఇది మచ్చయని మేము సంకోచము లేక చెప్పుదుము. రాక్‌ఫెల్లర్ బహిరంగముగా బదులు పలుకలేదు. చాటున మాత్రము ఆమె పేరును వెక్కిరించి 'తారుపీపా' యనెడివాడట.

గ్రంథముయొక్క ఫలము గ్రంథముతో పోలేదు. 1906లో సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము కంపెనీపై వ్యాజ్యము తెచ్చెను. 1911 మే 15వ తేదీన సుప్రీంకోర్టు దానిని భిన్నము చేయుమని తీర్పు చెప్పగా 34 కంపెనీలుగా విడిపోయెను. ఒక్క పుస్తకమే దీనికి కారణమనుట అతిశయోక్తి. కాని ప్రజలకు సంగతి అర్థమగునట్లు చెప్పినది ఆమెయే. ఆ ముక్కల వాటాల ధర పెరిగి రాక్‌ఫెల్లర్ మరింత ధనికుడయ్యెనన్నది కూడ చరిత్రయే; దానిని దాచుట మాకు తగదు.

ఇంతవరకు ద్వేషము కథ. ఇక రాగము కథ వినుడు. 1925లో ఐడా ఉక్కు కంపెనీల అధిపతియగు ఎల్బర్ట్ గేరీ జీవితచరిత్రను, ఆయన సహకారముతోనే, ప్రకటించెను. కర్మాగారములలో పనివారి క్షేమమునకు జరుగుచున్న ప్రయత్నములను చూచి ఆమె మనసు మెత్తబడియుండెను. కొలదియేండ్ల క్రిందటనే, 1919లో, ఉక్కు పనివారు దీర్ఘకాలపు పనిదినములపై గొప్ప సమ్మె చేసియుండిరి. గేరీ వారి సంఘముతో మాటలాడుటకైనను ఒప్పుకొనలేదు. రాక్‌ఫెల్లర్‌ను విడువని చూపు గేరీయెదుట మందగించెనని నాటి విమర్శకులే అనిరి. 1926లో ఇటలీకి పోయి ముస్సోలినీని కలిసికొని మెప్పుతో తిరిగివచ్చెను. అన్నిటికంటె బాధాకరమైనది 1928 నాటి సంగతి. లింకన్ తన యౌవనమున ప్రేమించిన కన్యకు వ్రాసినవని చెప్పబడిన జాబులు అట్లాంటిక్ మాసపత్రికకు చేరెను. ఐడా వానిని చూచి నిజమైనవేయని మొదట నమ్మెను. అచ్చయిన కొలదికాలమునకే అవి దొంగజాబులని తేలెను. ముప్పదియేండ్లకు పైగా లింకన్ పత్రములను వెదకిన కన్నులు అవి! శత్రువు తెచ్చిన కాగితమునైనచో ఆమె సూక్ష్మదర్శని క్రింద పెట్టియుండును. ప్రియమైనవాని జాబనగానే గుండెకు హత్తుకొనెను.

స్త్రీల ఓటుహక్కును గూర్చియు ఒకమాట చెప్పక తప్పదు. తాను వివాహమాడక, తన సంపాదనతో తల్లిదండ్రులకు తోడ్పడుచు, పురుషులు అడుగిడ జంకిన చోట అడుగిడిన యీ స్త్రీ, ఓటుహక్కు ఉద్యమమును వ్యతిరేకించెను. స్త్రీకి ప్రధానక్షేత్రము గృహమేయని 1912లో ఒక గ్రంథమే ప్రకటించెను. ఆమెను ఆదర్శముగా నెంచుకొన్న స్త్రీలు దీనివలన మిక్కిలి నొచ్చుకొనిరి. 1920లో ఆ హక్కు రాజ్యాంగములో చేరెను. మదాం రోలాండ్‌నుండి నేర్చుకొన్న ఒక్క పాఠమును అందరు స్త్రీలకును వర్తింపజేయుట ఆమె పొరపాటని మాకు తోచుచున్నది. ఒక మనుష్యుని చరిత్రనుండి ఒక జాతికి తీర్పు చెప్పరాదు.

1939లో తన స్వీయచరిత్రను ప్రకటించి, 1944 జనవరి 6వ తేదీన, ఎనుబదియారేండ్ల వయసున ఆమె కాలధర్మము నొందెను. 1999లో న్యూయార్కు విశ్వవిద్యాలయమువారు ఇరువదవ శతాబ్దపు అమెరికా పత్రికారచనలలో ఉత్తమమైనవి నూరింటిని ఎన్నినపుడు స్టాండర్డ్ ఆయిల్ చరిత్రకు అయిదవ స్థానమిచ్చిరి. గేరీ చరిత్రకు అందులో చోటు లేదు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు మరల వత్తము. వ్రాసినవారు ఎవరి పక్షమో తెలిసికొనుట మంచిదే. కాని అక్కడనే ఆగినచో, పగవాని కూతురు వ్రాసినదని స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను తెరవకయే మూసివేయుదుము. మంచిమనసుతో వ్రాసినదని గేరీ చరిత్రను తలయూచి నమ్ముదుము. రెండును తప్పే. అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ రచయిత తన మనసునకు నచ్చని సంగతిని కూడ వెదకికొని పోయెనా? దొరకినదానిని మన యెదుట పెట్టెనా? మన యిండ్లలో పిల్లలచేత చదివించు మహాపురుషుల చరిత్రలలో నూటికి తొంబది స్తోత్రములే. నిందతో నిండిన పుస్తకమును పిల్లవాని చేతినుండి మనము లాగివేయుదుము గాని, స్తోత్రముతో నిండినదానిని మనమే కొని యిత్తుము. ఇకమీదట ఆ రెండవదానిని కూడ వానితో కలిసి కూర్చుండి చదువుదము. ఈ మాటకు ఆధారమేదని వాడు అడిగినచో కసరకుందము.